జిడ్డు తొట్టి: తెరవడం, కొలవడం, ఖాళీ చేయడం

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం ఊళ్లలో మెస్సులు, టిఫిన్ హోటళ్లు, మిఠాయి దుకాణాలు, కల్యాణమండపం వంటశాలలు నడుపుతున్న మన తెలుగువాళ్ల కోసం ఇది రాస్తున్నాను. వంట గురించి మీకు నేను చెప్పవలసింది లేదు. వంట అయ్యాక అంట్లు తోమిన నీళ్లు ఎక్కడికి పోతున్నాయో మాత్రం చాలామందికి తెలియదు. నాకూ చాలా కాలం తెలియలేదు. సింకు కింద ఇనుప పెట్టె ఉన్నా, పెరట్లో సిమెంటు చాంబరు ఉన్నా పని ఒక్కటే: ఆ నీళ్లలోని జిడ్డునూ మెతుకులనూ కాలువలోకి పోకుండా ఆపడం. దాన్ని గ్రీజు ట్రాప్ అంటారు. మా వంటగదిలో మేం జిడ్డు తొట్టి అంటాం, ఇక్కడ కూడా ఆ మాటే వాడతాను.

ముందు అది ఎలా పనిచేస్తుందో తెలుసుకోండి. ఇది తెలిస్తే మిగతా సగం పని మీకే తోస్తుంది. నూనె నీటి కంటే తేలిక. లీటరు నీరు కిలో తూగితే, లీటరు వంటనూనె సుమారు 910 నుంచి 920 గ్రాములు తూగుతుంది. ఈ తేడా చాలా చిన్నది. అందుకే నీరు వేగంగా పారుతున్నంతసేపూ నూనె దానితో పాటే కొట్టుకుపోతుంది. నీరు నిలకడగా, చల్లగా ఉన్నప్పుడే నూనె పైకి తేలుతుంది, మెతుకులు అడుక్కు దిగుతాయి. తొట్టి మధ్యలో ఉండే అడ్డుపలకలు నీటి వేగాన్ని తగ్గిస్తాయి. బయటికి పోయే గొట్టం మూతి కిందికి వంగి, నీటి మట్టానికి బాగా లోతున తెరుచుకుంటుంది. పైన తేలిన జిడ్డూ అడుగున చేరిన మడ్డీ తొట్టిలోనే ఆగిపోతాయి, మధ్యలో ఉన్న నీరు మాత్రమే బయటికి పోతుంది.

దీని నుంచి ఒక విషయం స్పష్టమవుతుంది. మరిగే నీళ్లు పోస్తే, సబ్బు నీళ్లు గుమ్మరిస్తే, కాస్టిక్ సోడా వేస్తే తొట్టి శుభ్రపడినట్లు కనిపిస్తుంది. నిజానికి జిడ్డు ఎక్కడికీ పోలేదు, కరిగి ముందుకు జరిగింది. పది గజాల అవతల గొట్టం చల్లగా ఉన్న చోట మళ్లీ గడ్డకడుతుంది. సిమెంటు గొట్టాల్లోని సున్నంతో కలిస్తే రాయిలాంటి సబ్బుగా మారుతుంది, దాన్ని గునపంతో తప్ప తీయలేరు. తొట్టిలోని జిడ్డును కరిగించి కడగకూడదు, గరిటెతో ఎత్తి బయటికి తీయాలి. ఈ ఒక్క మాట మీ పనివాళ్ల మనసులో నాటుకుంటే చాలు.

మీ తొట్టి సరిగ్గా ఉందా?

నా మొదటి తొట్టిని ఒక మేస్త్రీ కట్టాడు. లోపలికి వచ్చే గొట్టాన్నీ బయటికి పోయే గొట్టాన్నీ ఒకే ఎత్తున, నేరుగా పెట్టాడు, వంపులు పెట్టలేదు. రెండేళ్లపాటు ఎప్పుడు మూత తీసినా లోపల జిడ్డు పెద్దగా కనిపించేది కాదు. మా వంటగది శుభ్రంగా ఉందని సంతోషించాను. జిడ్డంతా పైపైన తేలుతూ నేరుగా వీధి కాలువలోకి వెళ్తోందని, పక్కింటి పెద్దావిడ వాసన భరించలేక వచ్చి అడిగిన రోజున తెలిసింది. కాబట్టి శుభ్రం చేయడం మొదలుపెట్టే ముందు ఒకసారి ఖాళీ తొట్టిని చూడండి. బయటికి పోయే గొట్టానికి కిందికి దిగే వంపు ఉండాలి, దాని మూతి నీటి లోతులో సగానికి కిందుగా ఉండాలి, అడుగును మాత్రం తాకకూడదు. అడ్డుపలక కనీసం ఒకటైనా ఉండాలి. మరుగుదొడ్డి గొట్టం, డాబా మీది వాన నీటి గొట్టం ఇందులో కలవనే కూడదు. గిన్నెలు కడిగే యంత్రం ఉంటే దాని వేడి నీటిని కూడా చిన్న తొట్టిలోకి పంపకండి.

పరిమాణం కూడా లెక్క చూసుకోండి. 60 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 30 లోతు ఉన్న సింకులో 81 లీటర్లు పడతాయి. సింకు ఎప్పుడూ అంచు దాకా నిండదు కాబట్టి ముప్పావు వంతు, అంటే సుమారు 60 లీటర్లు అనుకోండి. అది ఒక్క నిమిషంలో ఖాళీ అయితే మీ తొట్టి నిమిషానికి 60 లీటర్లను తట్టుకోవాలి. రెండు సింకులు ఒకేసారి వదిలితే 120. కొనే తొట్టి మీద నిమిషానికి ఎంత నీరు తట్టుకుంటుందో రాసి ఉంటుంది, చూసి కొనండి. ఇప్పటికే ఉన్న తొట్టి చిన్నదైతే సింకులను ఒకదాని తర్వాత ఒకటి వదలమని చెప్పండి, చాలా తేడా ఉంటుంది.

ఎప్పుడు ఖాళీ చేయాలి

నెలకోసారి అనీ, వాసన వచ్చినప్పుడనీ నిర్ణయించుకోకండి. వాసన వచ్చేసరికే ఆలస్యమైపోతుంది. సింకు నీరు నెమ్మదించడం, గొట్టంలో గుడగుడ శబ్దం రావడం కూడా ఆలస్యానికి గుర్తులే. కొలిచి నిర్ణయించండి. ప్రపంచమంతటా వాడే లెక్క ఒకటుంది: పైన తేలిన జిడ్డు మందం, అడుగున చేరిన మడ్డి మందం కలిపి, మొత్తం నీటి లోతులో నాలుగో వంతుకు చేరితే ఖాళీ చేయాలి. అది దాటితే తొట్టిలో నీరు నిలిచే చోటు తగ్గి, జిడ్డు బయటికి జారడం మొదలవుతుంది.

కొలవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. చివర అడ్డంగా ఒక బద్ద బిగించిన కర్ర తీసుకోండి. దాన్ని పక్కగా జిడ్డు పొరలోంచి కిందికి దించి, తిప్పి, మెల్లగా పైకి లాగండి. బద్ద జిడ్డు పొర అడుగును తాకినప్పుడు చేతికి బరువు తెలుస్తుంది. అప్పుడు జిడ్డు పైమట్టం ఎక్కడుందో కర్ర మీద గుర్తు పెట్టండి, బద్ద నుంచి ఆ గుర్తు దాకా ఉన్నదే జిడ్డు మందం. అడుగు మడ్డి కోసం ఇంకో కర్రకు తెల్లటి గరుకు తువ్వాలు చుట్టి, అడుగు తాకేదాకా దించి, రెండు మూడు నిమిషాలు ఉంచి తీయండి. మడ్డి ఉన్నంత ఎత్తూ నల్లగా మరక పడుతుంది. నీటి లోతు 60 సెంటీమీటర్లు ఉన్న తొట్టిలో పైన 9, అడుగున 6 ఉంటే మొత్తం 15. సరిగ్గా నాలుగో వంతు, ఇక ఆగకూడదు.

మొదటి నెల ప్రతి వారం కొలవండి. మూడు నాలుగు కొలతలు చేతికొచ్చాక మీ వంటగది వేగం మీకే తెలుస్తుంది. సింకు కింది చిన్న పెట్టె సాధారణంగా వారానికోసారి నిండుతుంది. వడలు, పూరీలు, ఆలూ చాప్‌లు ఎక్కువగా వేయించే చోట ఇంకా ముందే నిండవచ్చు. పెరట్లోని పెద్ద చాంబరు ఒకటి నుంచి మూడు నెలలు ఆగుతుంది. బరంపురంలో రెండేళ్లకోసారి వచ్చే బుఢీ ఠాకురాణి జాతర రోజుల్లో, పెళ్లిళ్ల కాలంలో ఈ లెక్కలు పనికిరావు. జాతర జరిగినన్నాళ్లూ మేం వారానికి రెండుసార్లు కొలుస్తాం.

ఖాళీ చేసే విధానం

సమయం ముఖ్యం. గిన్నెలు కడగడం ఆపి కనీసం మూడు నాలుగు గంటలు గడవాలి, నీరు చల్లారి జిడ్డు గట్టిపడాలి. మాకు మధ్యాహ్న భోజనాలు ముగిశాక తీరిక దొరకదు కాబట్టి వారపు సెలవు రోజు తెల్లవారుజామున చేస్తాం. గట్టిపడిన జిడ్డు పెరుగు మీగడలా పలకలుగా లేస్తుంది. వేడిగా ఉన్నప్పుడు చేస్తే చెంబులో నూనె నీళ్లు తప్ప ఏమీ రావు.

ఇద్దరు ఉండాలి, ఒక్కరు ఎప్పుడూ చేయకూడదు. మోచేతి దాకా వచ్చే రబ్బరు చేతొడుగులు, బూట్లు, కళ్లద్దాలు పెట్టుకోండి. ముక్కుకు గుడ్డ కట్టుకుంటే తుంపరలు ఆగుతాయి కానీ విషవాయువు ఆగదు. ఆ గుడ్డను నమ్ముకుని తల లోపలికి వంచవద్దు. పొయ్యిలు ఆర్పండి, బీడీ, అగ్గిపుల్ల దగ్గరికి రానివ్వకండి, ఎందుకంటే కుళ్లిన మడ్డి నుంచి మండే వాయువు కూడా పుడుతుంది. వంట సామాను, కూరగాయలు ఆ పక్కన ఉంటే తీసేయండి.

మూత తీసి పావుగంట అలాగే వదిలేయండి, ముఖం పక్కకు పెట్టుకోండి. తర్వాత కొలత తీసి రాసుకోండి.

ఇప్పుడు పై జిడ్డు. చిల్లులు లేని వెడల్పాటి గరిటెతోనో, అంచు కోసిన పాత ప్లాస్టిక్ డబ్బాతోనో పలకలు పలకలుగా ఎత్తి, మూత ఉన్న డ్రమ్ములో వేయండి. తొందరపడి కలియబెట్టవద్దు, కలిపితే అంతా పాలలా కలిసిపోతుంది, మళ్లీ విడిపోవడానికి గంటలు పడుతుంది. పై పొర పూర్తయ్యాక మధ్య నీటిని చెంబుతో వేరే బకెట్లలోకి తోడండి. ఈ నీటిని వీధి కాలువలో పోయకూడదు, పక్కన ఉంచండి. అడుగున మిగిలిన మడ్డిని పొడవాటి పిడి ఉన్న తాపీతో గీకి ఎత్తండి. వాసన ఎక్కువగా వచ్చేది ఇక్కడే. దుర్గంధానికి అసలు కారణం నూనె కాదు, గాలి అందక కుళ్లిన మెతుకులు, పప్పు, చేపముళ్లు, కొబ్బరి పిప్పి. అందుకే పైన జిడ్డు మాత్రం తీసి మూత పెట్టేసే పద్ధతి పనికిరాదు, వారంలో వాసన తిరిగి వస్తుంది.

అడ్డుపలకలు ఊడి వచ్చేవైతే బయటికి తీసి చెక్క గీకుడుతో గీకండి. గోడలు, గొట్టాల వంపులు, మూత అడుగు కూడా గీకండి. సబ్బు వద్దు, వేడి నీళ్లు వద్దు, బ్లీచింగ్ వద్దు. ఇలా ఖాళీగా ఉన్నప్పుడే తొట్టిని పరిశీలించండి. నీటి మట్టానికి పైన ఉన్న సిమెంటు పొడిపొడిగా రాలుతోందా, ఇనుము పొరలుగా లేస్తోందా చూడండి. మడ్డి నుంచి వచ్చే వాయువు తడి గోడ మీద ఆమ్లంగా మారి తినేస్తుంది. మూత చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ చిట్లితే అప్పుడే మార్చండి.

పలకలు తిరిగి బిగించే ముందు ఏది ఏ వైపు ఉండేదో గుర్తు చూసుకోండి. తిరగేసి పెడితే తొట్టి పనిచేయదు. మేం రంగుతో బాణం గుర్తు వేసుకున్నాం.

చివరిగా, చాలామంది మరచిపోయే పని. తొట్టిని ఖాళీగా వదలవద్దు. పక్కన ఉంచిన నీటిని మొదటి అరలో నెమ్మదిగా పోసి, ఆపైన చల్లటి మంచినీటితో నింపండి, బయటి గొట్టం నుంచి నీరు పారేదాకా. తొట్టి ఖాళీగా ఉంటే మొదట వచ్చే జిడ్డు నీరు ఆగకుండా నేరుగా బయటికి పోతుంది, లోపలి దుర్వాసన కూడా అడ్డు లేక వంటగదిలోకి వస్తుంది. మర్నాటి ఉదయం, సింకులు వాడే ముందు, నీటి మట్టం చూడండి. దిగిపోయి ఉంటే ఎక్కడో కారుతోంది.

ఎవరినీ లోపలికి దించవద్దు

పెద్ద చాంబర్లు ఉన్నవారికి ఇది చెప్పాలి. మడ్డిలోంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ గాలి కంటే బరువైనది, గుంట అడుగునే నిలుస్తుంది. మొదట కుళ్లిన కోడిగుడ్ల వాసన వస్తుంది. గాఢత పెరిగితే వాసన పసిగట్టే శక్తినే చంపేస్తుంది, మనిషి వాసన పోయిందనుకుని ధైర్యంగా ఇంకా దిగుతాడు. పడిపోయిన మనిషిని రక్షించబోయి రెండోవాడు, మూడోవాడు చనిపోవడం మన దేశంలో పదేపదే జరుగుతోంది. మురుగు కాలువల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో మనుషులను దించి ప్రమాదకరంగా శుభ్రం చేయించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. అలాంటి మరణాలకు పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 30 లక్షల రూపాయలకు పెంచింది. చట్టం సంగతి అలా ఉంచి, మన దగ్గర పనికి కుదిరిన కుర్రాళ్లు ఇచ్ఛాపురం నుంచో, కొండ ఊళ్ల నుంచో వచ్చినవాళ్లు. వాళ్ల ఇంట్లో వాళ్ల కోసం ఎదురుచూసే అమ్మానాన్నలు ఉంటారు. మోకాళ్ల మీద కూర్చుని పొడవాటి గరిటెతో అందనంత లోతు ఉంటే, అది పీల్చే బండి చేయవలసిన పని. మురుగు, సెప్టిక్ ట్యాంకు పనుల కోసం 14420 అనే సహాయ నంబరు ఉంది, నగరపాలక సంస్థ పారిశుధ్య విభాగాన్ని కూడా అడగవచ్చు. జిడ్డు తొట్టి అని ముందే చెప్పండి, మలవ్యర్థం బండి వారు దాన్ని తీసుకుంటారో లేదో అడిగి రప్పించండి. బండి వచ్చినప్పుడు దగ్గర నిలబడి చూడండి. పైపైన పీల్చి వెళ్లిపోకుండా అడుగు దాకా ఖాళీ చేయించి, ఎక్కడ పారబోస్తారో కనుక్కుని, రశీదు తీసుకోండి.

తీసిన జిడ్డును ఏం చేయాలి

మూకుడులో మిగిలిన వేపుడు నూనె వేరు, తొట్టిలోంచి తీసిన జిడ్డు వేరు. రెంటినీ ఎప్పుడూ కలపకండి. వేపుడు నూనెకు విలువ ఉంది, దాన్ని బయోడీజిల్ చేయడానికి తీసుకుంటారు. పదేపదే కాచిన నూనెలో పోలార్ పదార్థాలు (నూనె చెడేకొద్దీ అందులో పెరిగేవి) 25 శాతం దాటితే వంటకు వాడకూడదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2018 జూలై 1 నుంచి నిబంధన పెట్టింది. రోజుకు 50 లీటర్లకు మించి వేపుడుకు వాడేవారు 2019 మార్చి నుంచి లెక్క రాసి ఉంచాలి, గుర్తింపు ఉన్న సేకరణదారుకే ఇవ్వాలి. మీరు అంత వాడకపోయినా డబ్బాల్లో పోసి వారికే ఇవ్వండి. వీధిలో కొనేవాడికి ఎక్కువ ధరకు అమ్మితే అదే నూనె ఇంకో బండి మీద బజ్జీలుగా తిరిగి వస్తుంది. మన పిల్లలే తింటారు.

తొట్టి జిడ్డు ఎవరి నోటికీ పోకూడదు. సబ్బు చేసేవారికీ, పందులకూ ఇవ్వవద్దు. దానికి ఊక గానీ రంపపు పొట్టు గానీ కలిపితే తడి పీల్చుకుని ముద్దలా అవుతుంది. మన వైపు రైసు మిల్లులకు లోటు లేదు, ఒక గోనె ఊక ఎప్పుడూ దగ్గర పెట్టుకోండి. ఆ ముద్దను మందపాటి సంచిలో కట్టి, పారిశుధ్య సిబ్బందితో ముందే మాట్లాడి అప్పగించండి. చెప్పకుండా తడిచెత్త బుట్టలో వేస్తే ఎరువు తయారుచేసే చోట వాళ్ల కుప్ప పాడవుతుంది.

తొట్టి దాకా రానివ్వకుండా

రోజూ చేసే ఈ పనులు సగం భారాన్ని తగ్గిస్తాయి. కంచాలు, గిన్నెలు నీటిలో ముంచే ముందు మిగిలినది బుట్టలోకి దులపండి. మూకుళ్లు, పెనాలు వేడి తగ్గాక పాత కాగితంతోనో గుడ్డతోనో తుడిచి ఆ తర్వాతే తోమండి. సింకుకు సన్న జల్లెడ పెట్టి రోజుకు రెండుసార్లు దులపండి.

మన వంటశాలల్లో ఇంకో ప్రత్యేకమైన ఇబ్బంది గంజి. వంద మందికి వార్చిన అన్నం గంజి అంతా సింకులో పోస్తే అది జిడ్డుతో కలిసి బంకలా పట్టుకుంటుంది, అడుగున పులిసి వాసన కొడుతుంది. గంజిని, బియ్యం కడుగు నీళ్లను, కూరగాయల తొక్కలను కుడితికి ఇచ్చేయండి. దగ్గర్లో పశువుల కొట్టం ఉంటే సాయంత్రం డబ్బా పట్టుకుని వాళ్లే వస్తారు. మాంసం కలిసినది మాత్రం ఇవ్వకండి.

జిడ్డును తినేసే మందులని బజారులో సీసాలు అమ్ముతారు. అందులో ఎంజైములు మాత్రమే ఉంటే జిడ్డును కాసేపు విడగొట్టి ముందుకు పంపుతాయి. బ్రతికున్న సూక్ష్మజీవులు ఉన్న మందులు వాసనను కొంత తగ్గించవచ్చు, కానీ మీరు బ్లీచింగ్ పోస్తే అవి చచ్చిపోతాయి. ఏదైనా సరే గరిటె పనికి బదులు కాదు. నేను ఆ డబ్బుతో మంచి చేతొడుగులు కొంటాను.

వానలు, చలి

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా పెరటి చాంబరు మూత నేల మట్టానికే ఉండేది. వాన నీరు దూరి, రెండు వారాల జిడ్డంతా లేచి, పక్కవాళ్ల గుమ్మం దాకా తెల్లగా పరుచుకుంది. వాళ్ల ముగ్గు మీద మా జిడ్డు. రెండు రోజులు ఆ గుమ్మం మేమే కడిగాం. ఆ తర్వాత మూత అంచును నేల కంటే నాలుగు అంగుళాలు ఎత్తుగా కట్టించాం. మీరు తుపాను వచ్చేదాకా ఆగకండి. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాలపురం దగ్గర తీరం దాటింది, తిత్లీ కూడా అక్టోబరులోనే వచ్చింది. దసరా ముందు ఒకసారి కొలత ఎంత ఉన్నా చూడకుండా తొట్టిని పూర్తిగా ఖాళీ చేయండి.

కొరాపుట్, జయపురం వైపు వారికి చలికాలం వేరే చిక్కు తెస్తుంది. డాల్డా, నెయ్యి, మాంసం కొవ్వు తొట్టిని చేరకముందే సింకు గొట్టంలోనే గడ్డకడతాయి. అక్కడ సింకుకూ తొట్టికీ మధ్య గొట్టం వీలైనంత పొట్టిగా, వాలుగా ఉండాలి, మధ్యలో విప్పి గీకే వీలున్న మూత ఒకటి పెట్టించండి. డిసెంబరు, జనవరిల్లో వారానికోసారి దాన్ని విప్పి, తీగ దూర్చి లాగండి. వేడి నీళ్లు పోయాలని చేయి లాగుతుంది, పోయకండి.

తొట్టి పక్క గోడకు దారంతో ఒక నోటుబుక్కు, పెన్సిలు వేలాడదీయండి. తేదీ, పై మందం, అడుగు మందం, ఎవరు తీశారు, జిడ్డు ఎవరికి ఇచ్చారు, ఈ అయిదూ చాలు. మా వంటగదిలో తెలుగు చదివేవారు ఇద్దరు, ఒడియా చదివేవారు నలుగురు. అందుకే పుస్తకం గడులనూ, సింకు పైన కట్టిన పలకనూ రెండు లిపుల్లో రాయించాం. పలక మీద ఉన్నవి మూడే వాక్యాలు: దులిపి ముంచు, వేడి నీరు పోయకు, ఒక్కడివే మూత తీయకు.